మర్తబాన్‌ని కబాడీకి అమ్ముకున్నోళ్ళం



ఈసారి గుస్సాలో రాస్తున్నా. ముందే మాఫీ అడుగుతున్నా. ఇది చదివి మా ఖాందాన్‌లో కొందరు ఫోన్ చేస్తారని తెలుసు. చేయండి, మాట్లాడుకుందాం.

మొన్న రజబ్ నెలలో మా ఆపా కొడుక్కి నికా ఖాయమైంది. పిల్లవాళ్ళ ఇంటినుంచి జహేజ్ ఫెహరిస్త్ వచ్చింది. "మేమేం అడగలేదు, వాళ్ళే ఖుషీగా ఇస్తున్నరు" అని మా దుల్హాభాయ్ పదిసార్లు చెప్పాడు. అడక్కుండా అంత పొడుగు కాగితం ఎట్లా వచ్చిందో అల్లాకే ఎరుక. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, అల్మారా, ఆ కింద 'బోన్ చైనా డిన్నర్ సెట్, 51 పీసులు'.

ఆ రాత్రే ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో జంగ్ మొదలైంది. బోన్ చైనాలో ఎముకలు కలుస్తాయి, అవి ఏ జానవర్‌వో తెలియదు, కాబట్టి ఆ ప్లేట్లో తినడం హరామ్ అని ఒక చాచా ఎక్కడిదో ఫార్వర్డ్ పెట్టాడు. ఇంకో చాచా దానికి జవాబుగా ఇంకో ఫార్వర్డ్. మూడు రోజులు నడిచింది. బోన్ చైనా అనేది 18వ శతాబ్దం ఆఖర్లో ఇంగ్లండులో పుట్టిన సరుకు. జోసయా స్పోడ్ అనే కుండల కార్ఖానా ఆసామి పేరు మీద చలామణీ అయింది. మట్టిలో సగం దాకా కాల్చిన పశువుల ఎముకల బూడిద కలుపుతారు. హనఫీ ఫిఖాలో సువ్వర్ తప్ప మిగతా జానవర్ల ఎముక పాక్ అనే ఉంది. మహల్లా మౌలానాను అడిగితే రెండు నిమిషాల్లో తేల్చేవాడు.

ప్లేట్లో ఎముక ఉందా లేదా అని మూడు రోజులు బహస్ చేసినోళ్ళలో, ఆ ప్లేట్లు కొనడానికి ఆడపిల్ల తండ్రి ఎక్కడ అప్పు చేశాడో ఒక్కరూ అడగలేదు. ఆ పాయింట్ ఇక్కడ పెట్టి ముందుకు పోతున్నా, ఎందుకంటే నా గుస్సాకి అసలు వజా ఇంకోటి ఉంది.

ఆ 51 పీసులకు జాగా కావాలి కదా. ఆపా వంటింటి అటక ఖాళీ చేయించారు. అక్కడ మా నానీమా మర్తబాన్ ఉండేది. మోకాలి ఎత్తు, కత్తురంగు మెరుగు, మెడ కింద తాడు దూర్చడానికి నాలుగు చెవులు. మామిడికాయల కాలంలో అది దించితే ఇల్లంతా ఈద్ లెక్క ఉండేది. దాన్ని పాత ఇనుప కుర్చీతో కలిపి కబాడీ వాడికి ఇచ్చేశారు. నూట ఇరవై రూపాయలు వచ్చాయట. "అది పగిలేదే, బరువు. ఎవరు వాడుతున్నరు?" అంది ఆపా. తప్పు ఆమెదొక్కదానిదే అనను. నేను కూడా పదేళ్ళుగా ఆ అటక వైపు చూడలేదు.

నానీమా ఆ జాడీని జాడీ అని ఎన్నడూ అనలేదు. మర్తబాన్ అనేది. పక్కింటి కమ్మోళ్ళ అమ్మమ్మ జాడీ అనేది, మా నానీమా మర్తబాన్ అనేది, ఇద్దరూ ఒకే ఏడు బెజవాడ బజార్లో కొన్న ఒకే రకం సామాను అది. మ్యూజియంలో పెట్టేంత పురానా చీజ్ కాదు, ఆ ముచ్చట సాఫ్‌గా చెప్తున్నా. పురానాది ఆ మాట.

మర్తబాన్ అనేది ఒక బందరు పేరు. బర్మాలో, ఇప్పుడు మొత్తమా అంటున్నారు. సముద్రం మీద పోయే జహాజులు అక్కడ మెరుగు పూసిన పెద్ద పెద్ద జాడీలు ఎక్కించుకునేవి. కొన్ని ఆ చుట్టుపక్కల చేసినవి, కొన్ని చీనా నుంచి వచ్చినవి. ఎక్కడ చేసినా సరే, ఆ బందరు పేరే జాడీకి పేరైంది. నీళ్ళు, నూనె, బియ్యం, ఊరగాయ అన్నీ అందులోనే. ఇబ్నె బతూతా 14వ శతాబ్దంలో తన సఫర్‌నామాలో చెప్పాడు: తూర్పు సముద్రంలో ఒక దేశపు షాహజాది అతనికి తోహ్ఫా ఇచ్చిన వాటిలో నాలుగు మర్తబాన్‌లు ఉన్నాయి. వాటి నిండా అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు. సముద్ర ప్రయాణానికి పాడవకుండా ఉప్పులో ఊరేసినవి. మిరపకాయ ఇంకా ఈ ఇలాకాకి రాలేదు, అది అమెరికా నుంచి పోర్చుగీసుల జహాజుల్లో తర్వాతెప్పుడో వచ్చింది. కాబట్టి మన ఆవకాయ కాదు. కానీ మామిడికాయ, ఉప్పు, మర్తబాన్, మూడూ ఉన్నాయి. ఏడు వందల ఏళ్ళ కింద ఒక ముసల్మాన్ ముసాఫిర్ రాసిన మాటను, చదువురాని మా నానీమా మధిరలో, అదే మాటను, అదే చీజ్‌కి, అదే మామిడికాయ కోసం వాడింది. దాన్ని నూట ఇరవైకి ఇచ్చాం.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. రెండు ఒడ్ల మధ్య పడవ లెక్క బతికినవాణ్ణి. అందుకే ఇట్లాంటి మాటలు దొరికితే వదలను. తెలుగోళ్ళందరూ వాడే 'పింగాణీ' చూడండి. అచ్చ తెలుగు అనుకుంటారు. ఫార్సీలో పింగాన్ అంటే గిన్నె. అరబ్బులకు 'ప' పలకదు కాబట్టి అదే ఫింజాన్ అయింది, ఇప్పటికీ అరబ్ దేశాల్లో కహ్వా తాగే చిన్న కప్పును ఫింజాన్ అనే అంటారు. గల్ఫ్‌కి పోయొచ్చిన మన పిల్లల్ని అడగండి. ఆ పింగాన్ మన తీరంలో దిగి పింగాణీ అయింది, తమిళంలో పీంగాన్ అయింది. మన ఇళ్ళల్లో రికాబీ, పియాలా, తష్తరీ, సురాహీ ఉన్నాయి. చీనీ అంటే మనకు పంచదార కూడా, పింగాణీ సామాను కూడా. ఈ మాటల్ని ఏ బాద్షా ఫర్మానా జారీ చేసి మన నోట్లో పెట్టలేదు. సరుకుతో పాటు వచ్చాయి, సరుకు వాడినోళ్ళ నోట్లో ఉండిపోయాయి.

ఇక అసలు సంగతి.

మా చిన్నది తొమ్మిదో జమాత్. క్లాసులో కాకతీయుల పాఠం. 1323లో ఢిల్లీ ఫౌజ్ ఓరుగల్లును పడగొట్టిన దగ్గరికి రాగానే పక్క బెంచీ పిల్లవాడు తిరిగి "మీవాళ్ళు అప్పుడే కదా వచ్చింది" అన్నాడట. క్లాసంతా నవ్విందట. పిల్లలు, సరే. టీచర్ ఏమీ అనకుండా పేజీ తిప్పిందట. ఇంటికొచ్చి అడిగింది: "అబ్బా, మనం ఎప్పుడొచ్చినం?"

నేను జవాబు వెతుక్కునే లోపే, ఆ రోజు ఇంటికొచ్చి కూర్చున్న మా రిష్తేదార్ ఒకాయన మీసం తిప్పి చెప్పాడు: "అవును బేటీ, మనం ఆ ఫౌజ్‌లో వచ్చిన పఠాన్‌లం. సిర్ ఉఠాకే బోలో. ఏలినోళ్ళం మనం."

గమనించారా? ఆ పక్క బెంచీ పిల్లవాడు, మా మీసాల రిష్తేదార్, ఇద్దరూ ఒకే మాట చెప్పారు. మీరు కత్తి పట్టుకుని బయటినుంచి వచ్చారు అని వాడు తిట్టాడు. మేం కత్తి పట్టుకుని బయటినుంచి వచ్చాం అని ఈయన మురిశాడు. మనల్ని గైర్ అనేవాళ్ళకు సాక్ష్యం మన ఇంట్లోంచే సప్లయ్ అవుతోంది. జల్సాల్లో మైకు పట్టుకునే ముఖర్రిర్‌లలో సగం మంది ఇదే పని చేస్తున్నారు. అరబ్బుల ఖూన్, తుర్కుల తల్వార్, మొఘల్‌ల తఖ్త్. మధిర సంతలో ఉల్లిగడ్డలు అమ్ముకునే మనిషికి తఖ్త్ ఎక్కడిది సాహెబ్?

నా బేటీకి నేను చెప్పిన జవాబు ఇది. తారీఖ్ 1323తో మొదలుపెట్టొద్దు. దానికి 79 ఏళ్ళు వెనక్కి పో. 1244. బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర మోటుపల్లి అనే ఊరుంది. ఇవాళ పోతే ఇసుక, సరుగుడు చెట్లు, వీరభద్రుడి గుడి. ఆ గుడి దగ్గర స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం. ఆ శాసనం సారం నా మాటల్లో చెప్తాను. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన జహాజుల సరుకంతా, బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, జబర్దస్తీగా లాక్కునేవాళ్ళు. నేను అట్లా చేయను. ప్రాణం కంటే సొమ్ము ఎక్కువనుకుని సముద్రం మీద ఇంత ఖత్రా మోసుకొచ్చిన తాజిర్ దగ్గర ఖరారైన సుంకం తప్ప ఏమీ ముట్టను. ఆ సుంకం ముప్పైలో ఒక వంతు. దాని కింద సరుకుల ఫెహరిస్త్: గంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం, రాగి, సీసం, పట్టు దారం, పగడం, మిరియాలు, పోకలు.

చీనా కర్పూరం, పన్నీరు ఒకే రాతి మీద. ఒకటి తూర్పు సముద్రం సరుకు. రెండోది, గులాబ్‌జల్, ఈరాన్ గులాబీ తోటల పేరు మోసిన సరుకు. రెండూ ఒక తెలుగు ఊళ్ళో సుంకం కట్టాయి.

అందులో ముసల్మాన్ అనే మాట లేదు. నేను దాన్ని అందులోకి దూర్చను. మన వాట్సాప్ ముఅర్రిఖ్‌ల పని నాకొద్దు. కానీ ఆ కాలంలో హుర్ముజ్ నుంచి చీనా దాకా ఆ సముద్రం మీద ఎవరు తిరుగుతున్నారో ఊహ అక్కర్లేదు. చీనాలో ఛ్వాన్‌జౌ బందరును అరబ్బులు జైతూన్ అన్నారు. అదే 13వ శతాబ్దంలో ఆ బందరు సముద్ర తిజారత్‌కి పెద్ద హాకిమ్ పు షౌగెంగ్, ముసల్మాన్ తాజిర్ల ఖాందాన్ మనిషి. అదే ఊళ్ళో 1281లో తమిళ వ్యాపారులు శివుడి గుడికి సంబంధించిన శాసనం తమిళంలో చెక్కించారు. మసీదు వాళ్ళూ, గుడి వాళ్ళూ ఒకే రేవులో ఒకే గాలి కోసం ఎదురుచూశారు. నైరుతి గాలి వస్తే తూర్పుకి, ఈశాన్యం గాలి మళ్ళితే వెనక్కి. మౌసమ్ అనే మన మాటే కదా దొరల నోట్లో మాన్సూన్ అయింది.

మోటుపల్లిలో తవ్వితే చీనీ పింగాణీ పెంకులు వచ్చాయి. నెల్లూరు తీరంలో కొత్తపట్నంలో ఇంకా ఎక్కువ. నొబొరు కరాషిమా అని జపాన్ ప్రొఫెసర్, మన దక్షిణాది శాసనాలు చదవడంలో ఉమర్ గడిపిన మనిషి, దక్షిణ భారతం, శ్రీలంక తీరాల్లో ఈ చీనీ పెంకులు వెతకడానికే ఒక జట్టును తీసుకొచ్చాడు, 2004లో దాని మీద కితాబ్ వేశాడు. జపాన్ నుంచి వచ్చి మన ఇసుకలో వంగి పెంకులు ఏరుకున్నాడు. మనం మన అటక మీదున్నది కబాడీకి వేశాం.

ఒక కుండ పెంకు తారీఖ్‌కి అంత పెద్ద గవాహీ ఎట్లా అవుతుందని బేటీ అడిగింది. మంచి సవాల్. గుడ్డ కుళ్ళిపోతుంది, మిరియం తినేస్తారు, కర్పూరం హారతైపోతుంది, బంగారం కరిగించి ఇంకోటి చేస్తారు. పింగాణీ పగిలితే ఎవడికీ పనికిరాదు, మట్టిలో కలవదు. విసిరేసిన చోటే పడుంటుంది. మన కుమ్మరి కుండ తక్కువ సెగలో కాలేది, నీళ్ళు పీల్చుకుంటుంది, అందుకే ఎండాకాలం చల్లగా ఉంటుంది. చీనా కారీగర్‌లకు కయోలిన్ అనే తెల్లమట్టి దొరికింది, 1300 డిగ్రీల దాకా సెగపెట్టే భట్టీలు కట్టారు. ఆ సెగకు మట్టి గాజులా కరిగి గట్టిపడుతుంది, చుక్క నీరు పీల్చదు, గోరుతో కొడితే గంట మోగుతుంది. మట్టి, మెరుగు, రంగు చూసి ఏ భట్టీదో, ఏ కాలందో చెప్పొచ్చు.

ఇండోనేషియాలో బెలితుంగ్ దీవి దగ్గర 1998లో ఒక మునిగిపోయిన జహాజ్ దొరికింది. అందులో ఒక గిన్నె మీద చెక్కిన తేదీ 826కి సరిపోతుంది. అరబ్ తరహా జహాజ్. పలకల్ని మేకులు కొట్టకుండా తాడుతో కుట్టారు, బట్ట కుట్టినట్టు. దాదాపు అరవై వేల సిరామిక్ వస్తువులు, ఎక్కువగా చాంగ్‌షా భట్టీల గిన్నెలు. పెద్ద పెద్ద జాడీల్లో గిన్నెల్ని ఒకదానిలో ఒకటి వంద దాకా పేర్చి దాచారు. కొన్ని గిన్నెల మీద అరబీ హురూఫ్ లాగా కనపడే గీతలు. చీనా కారీగర్‌కి ఆ హురూఫ్ రావు, కానీ కొనేవాడు ఎవడో తెలుసు.

ఆ తర్వాత కహానీ నాకు ఇంకా ఇష్టం. బస్రా కుమ్హార్‌లు ఈ తెల్లటి చీనీ గిన్నెలు చూసి మతిపోగొట్టుకున్నారు. వాళ్ళకా మట్టి లేదు, ఆ భట్టీ లేదు. మెరుగులో తగరం కలిపి, మట్టి గిన్నెను తెల్లగా కనపడేట్టు చేశారు. ఆ తెలుపు మీద కోబాల్ట్ నీలం దిద్దారు. నకల్ చేయబోయి కొత్త చీజ్ పుట్టించారు. ఆ హునర్ స్పెయిన్‌కి, ఇటలీకి, హాలండ్‌కి పోయింది. ఇంకోవైపు, 14వ శతాబ్దంలో ఈరాన్ కోబాల్ట్ చీనాకి పోయింది, జింగ్‌దెజెన్ భట్టీల్లో తెల్ల పింగాణీ మీద నీలి పువ్వులయింది. ఢిల్లీలో ఫిరోజ్ షా తుగ్లక్ మహల్ జాగాలో ఆ కాలపు నీలి-తెలుపు చీనీ ముక్కలు బయటపడ్డాయి. ఆ నీలం కోసం చీనావాళ్ళు పెట్టిన పేర్లలో ఒకదానికి మతలబ్ 'ముసల్మానుల నీలం'. ఇవాళ మీ ఇంట్లో చైనా కప్పు మీద నీలి పువ్వు కనపడితే, మట్టి వాళ్ళది, రంగు మన వైపుది, ఎవరిది ఎక్కువ అని పంచాయితీ పెట్టి తేల్చండి చూద్దాం.

మనవాళ్ళు ఖాళీ చేతుల్తో కొనలేదు. తెలుగు తీరం ఇచ్చింది గుడ్డ. చిరివేరు ఎరుపు వేసిన నూలు బట్టకు తూర్పు దీవుల్లో అంత గిరాకీ. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం నుంచి ఆచేకి, పెగూకి, అటు బందర్ అబ్బాస్‌కి జహాజులు పోయేవి. 1605లో డచ్చోళ్ళు, 1611లో ఇంగ్లీషోళ్ళు అక్కడ దిగింది ఆ గుడ్డ కోసమే. బందరు నుంచి బెజవాడ మీదుగా గోల్కొండకు ఎడ్లబండ్లు. మధిర నుంచి బెజవాడ రైల్లో గంట, గంటన్నర. నానీమా మర్తబాన్ వచ్చిన దారి అదే.

చీనీ సామాను బాద్షాలకు చేరినా వాళ్ళు దాన్ని చేసింది ఏంటి? హైదరాబాద్ పోతే సాలార్‌జంగ్ మ్యూజియంలో చీనా గదులు చూడండి. ఆకుపచ్చ మెరుగు పళ్ళేలు ఉంటాయి, మన దక్కన్‌లో ఘోరీ అనేవాళ్ళు. అందులో విషం కలిసిన ఖానా పెడితే పళ్ళెం పగిలిపోతుందని, రంగు మారుతుందని నమ్మకం. అట్లాంటిదేమీ జరగదు, మట్టికి విషం సంగతి తెలియదు. కానీ ఆ నమ్మకం ఆ ఏలినోళ్ళ జిందగీ చెప్తుంది. సొంత భాయ్, సొంత బావర్చీ మీద భరోసా లేక పళ్ళేన్ని గవాహీ అడుక్కున్నారు. మా నానీమా తన మర్తబాన్‌ని ఒక్కటే అడిగేది, ముక్క మెత్తబడకుండా మళ్ళీ మామిడి కాపు దాకా ఉంటుందా అని. మీసాల రిష్తేదార్‌కి ఆ ఘోరీ పళ్ళెం కావాలి. తీసుకోమనండి.

మా దాదా పఠాన్ ఫౌజీ కాదు. సైకిల్ మీద పింగాణీ సామాన్లు అమ్మినవాడు. గంపలో వరిగడ్డి పరిచి కప్పులు, సాసర్లు, చిన్న జాడీలు పేర్చి, కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం అడవి సంతల దాకా పోయేవాడు. పైసలు లేనిచోట చింతపండుకి, ఇప్పపూవుకి, కుంకుడుకాయలకి ఇచ్చొచ్చేవాడు. ఇప్పుడు ఆ బెలితుంగ్ జహాజ్‌లో గిన్నెలు పేర్చిన తీరు చదువుతుంటే నాకు దాదా గంప యాదికొస్తుంది. పగలని తీరున పేర్చడం ఒక హునర్. చీనా భట్టీ దగ్గర మొదలైన తిజారత్‌కి ఆఖరి మైలు కోయ గూడెంలో మా దాదా సైకిల్. ఇది చెప్పుకోవడానికి మా ఖాందాన్‌లో షర్మ్. నా నికా మాటలప్పుడు "వాళ్ళ దాదా వ్యాపారం చేసేవారు" అని చెప్పారు, గంప సంగతి దాచారు. తాజిర్ వృత్తి ఎంత పాకీజా అని బయాన్ మాత్రం ప్రతి జుమ్మాకి వింటాం.

దాదా ఇంకో ముచ్చట చెప్పేవాడు. కోయోళ్ళ ఇంట్లో జావ పోస్తే వాళ్ళు తాగిన సొరబుర్రతోనే ఇచ్చేవాళ్ళు. తిరుగు దారిలో మైదానం ఊళ్ళల్లో దాహమైతే చేతుల్లో పోసేవాళ్ళు, పైనుంచి.

నా బచ్‌పన్‌లో చేతుల్లో పోయలేదు, జమానా మారింది. కప్పు పెట్టారు. మా క్లాస్‌మేట్ ఇంటికి పోతే వాళ్ళందరికీ స్టీల్ గ్లాసుల్లో చాయ్, నాకు పింగాణీ కప్పులో. నేను మురిసిపోయాను, నాకు ఇజ్జత్ ఇచ్చారని. తాగాక ఆ కప్పు కడిగి పైకి చూశాను, వాళ్ళమ్మ దాన్ని వసారా చూరులో దోపమంది. అక్కడే ఇంకో కప్పు ఉంది, వాళ్ళ పొలంలో పనిచేసే మాదిగ ముసలాయనది. ఆ ఇంటి అరుగు మీదే ఆవకాయ జాడీ ఎండకు పెట్టి ఉంది, అదే పింగాణీ, అదే మెరుగు. పచ్చడికి అంటని మైల నా చాయ్‌కి అంటింది. కడిగితే మరక పోవడమే పింగాణీ గుణం, అందుకే ప్రపంచమంతా దాని వెంట పడింది. అట్లాంటి చీజ్‌తో మైల గీత గీసిన దిమాగ్‌లు మావి.

'మావి' అన్నాను. టైపింగ్ తప్పు కాదు.

మీ ఇంటికి పోండి ఇప్పుడు. కిచెన్ కిటికీ మీద, సింక్ కింద, వెనక గుమ్మం దగ్గర చూడండి. చెవి విరిగిన కప్పు ఒకటుంటుంది. ఊడ్చే ఆమెకు చాయ్ పోసేది. డిన్నర్ సెట్ 51 పీసులు, ఆమెకు మాత్రం ఆ చెవి విరిగింది. మన మధ్యలో కూడా దూదేకులోళ్ళు వస్తే రికాబీ మార్చే ఇళ్ళు నాకు తెలుసు, పేర్లు రాయను, వాళ్ళకు వాళ్ళు తెలుసు. ఒకే సఫ్‌లో భుజం కలిపి నిలబడి సలాం తిప్పి ఇంటికొచ్చి కప్పు వేరు చేస్తాం. ఆ తర్వాత క్లాసులో మన పిల్లను వేరు చేశారని నేను ఇట్లా పేజీలు పేజీలు రాస్తాను. ఆ టీచర్ పేజీ తిప్పినప్పుడు నాకొచ్చిన గుస్సా ఎంత సహీనో, మా ఇంట్లో ఆ కప్పు కనపడ్డప్పుడు వచ్చిన షర్మ్ అంత సహీ. అవును, మా ఇంట్లో కూడా ఉంది. ఉండేది అనాలి, పోయిన హఫ్తా నుంచి.

శ్రీలంకలో గాల్ అనే బందరులో దొరికిన ఒక రాయి ఉంది, ఇప్పుడు కొలంబో మ్యూజియంలో. 1409 తేదీ. జెంగ్ హె తెచ్చింది, చీనా బాద్షా జహాజుల అమీర్, యునాన్‌లో ముసల్మాన్ ఇంట పుట్టినవాడు. ఒకే రాయి మీద మూడు జబాన్‌లు. చీనీలో బుద్ధుడికి, తమిళంలో విష్ణువు రూపమైన దేవుడికి, ఫార్సీలో అల్లా నామానికి నజరానాలు రాయించాడు. అతనికి ఆ రేవులో ఎవరెవరు ఉంటారో తెలుసు. మన పాఠ్యపుస్తకం రాసేవాళ్ళకు మోటుపల్లి అంటే గణపతిదేవుడి గొప్ప, ఒక మార్కు ప్రశ్న. ఆ జహాజులోంచి దిగిన మనుషులెవరు, వాళ్ళు ఏం తిన్నారు, ఏ గిన్నెలో తిన్నారు, ఇక్కడ ఎవరితో సంసారం చేశారు అన్న సవాల్ అందులో లేదు. అది అడిగితే 1323 ఒక్కటే దర్వాజా కాదని పిల్లలకు అర్థమైపోతుంది. మనవాళ్ళు కూడా అది అడగరు, అడిగితే తఖ్త్ పోయి గంప మిగులుతుంది.

నానీమాలు, దాదీమాలు ఇంకా ఉన్న ఇళ్ళల్లో ఈ పని చేయండి. వంటింట్లో ఒక్కో చీజ్ చూపించి దాని పేరు అడగండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. వాళ్ళు పోతే ఆ మాటలు ఏ లుగత్‌లోనూ దొరకవు. కామెంట్లలో రాయండి, నేను పోగేస్తా.

ఇత్వార్ నాడు మధిర స్టేషన్ వైపు కబాడీ దుకాణానికి పోయాను. ఇనుప తుక్కు వెనక ఉంది అది. దుకాణపాయన మన భాయే. "ఐదొందలు భాయ్" అన్నాడు. నూట ఇరవైకి కొన్నావు కదా అంటే, "అమ్మినోళ్ళకు కదర్ తెల్వదు, కొననొచ్చినోళ్ళకు తెలుసు, ఫరక్ అదే" అన్నాడు. జవాబు లేక ఇచ్చేశాను. నాలుగు చెవుల్లో ఒకటి విరిగింది. మూత లేదు, ఎంత వెతికినా దొరకలేదు.

అమ్మీ దాన్ని నీళ్ళు నింపి ఒక రాత్రంతా ఉంచింది, కారుతుందేమోనని. పొద్దున తుడిచి ఎండలో బోర్లించింది. బేటీ పక్కన కూర్చుని ఆ చెవుల్లోంచి తాడు దూర్చి చూసింది, ఎట్లా మోసేవాళ్ళో. మూత లేదు కదా అంటే అమ్మీ తన పాత చీర చింపి, ఉతికి ఆరేసి, మూతికి వాసెన కట్టింది. కాయలు ఇంకా పిందెలే ఉన్నాయి. నెలన్నర ఆగాలి.